తెర ముందు తాయ్ చి

ఇంటివద్ద వీడియో పాఠాలు చూసి తాయ్ చి నేర్చుకోవడం సాధ్యమేనా అన్న ప్రశ్నకు పరస్పర విరుద్ధమైన రెండు జవాబులు వినిపిస్తాయి. గురుముఖతః తప్ప ఈ విద్య పట్టుబడదని సంప్రదాయ శిక్షకులు అనేకులు అంటారు. తెర ముందు నిలబడి అనుసరిస్తే చాలు, దానంతటదే వస్తుందని వీడియోలు తయారుచేసేవారు భరోసా ఇస్తారు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది. ఆ నిజం ఎంతమేరకో తేలాలంటే తాయ్ చిలో కంటికి కనిపించే భాగమేది, కనిపించని భాగమేది అన్న విచారణ ముందుగా జరగాలి. ఆ విచారణలో బయటపడే విషయం ఏమిటంటే, చూసేవారి కన్ను సహజంగా చేతుల వెంట పరుగెత్తుతుంది గాని తాయ్ చిలో అసలు పని పాదాల దగ్గర జరుగుతుంది. ఇంట్లో ఒంటరిగా నేర్చుకునేవారికి ఎదురయ్యే ఇబ్బందుల్లో అధికభాగం ఈ అంతరం నుంచే పుడతాయి. దాన్ని గుర్తించినవారికి వీడియో మంచి ఉపకరణమవుతుంది, గుర్తించనివారికి తరచుగా మోకాళ్ల నొప్పి మిగులుతుంది.

వాడుకలో తాయ్ చి అని పిలుస్తున్న ఈ విద్య పూర్తిపేరు తాయ్ చి చువాన్. పుట్టుకతో ఇది యుద్ధవిద్య. ఆరోగ్య వ్యాయామంగా పేరుపొందడం తరువాతి చరిత్ర. చైనాలోని హెనాన్ రాష్ట్రంలో వెన్ జిల్లాకు చెందిన చెన్‌జియాగౌ అనే గ్రామంలో, మింగ్ వంశపు పాలన అంతరించి చింగ్ వంశపు పాలన మొదలైన 17వ శతాబ్దపు సంధికాలంలో, చెన్ వాంగ్‌టింగ్ అనే యోధుడు తన కుటుంబ విద్యకు ఇచ్చిన రూపమే దీనికి మూలమని చరిత్రకారుల్లో ఎక్కువమంది భావిస్తారు. జాంగ్ సాన్‌ఫెంగ్ అనే తావో సిద్ధపురుషుడు దీన్ని కనిపెట్టాడన్న కథ జనంలో బాగా వ్యాపించినా దానికి చారిత్రక ఆధారాలు బలహీనమైనవి. చెన్ కుటుంబం లోపలే తరాల తరబడి సాగిన విద్యను చెన్ చాంగ్‌షింగ్ వద్ద అభ్యసించి బయటి ప్రపంచానికి తెచ్చినవాడు హెబెయ్ రాష్ట్రానికి చెందిన యాంగ్ లూచాన్ (1799–1872). అతడు బీజింగ్ చేరి మంచూ ప్రభువంశీకులకు దీన్ని నేర్పాడు. అతని మనుమడు యాంగ్ చెంగ్‌ఫూ (1883–1936) కాలానికి కదలికలు విశాలంగా, నిదానంగా, ఒకే వేగంతో సాగేలా స్థిరపడ్డాయి. నేడు తాయ్ చి అనగానే కళ్ల ముందు మెదిలే రూపం ఈ యాంగ్ శైలిదే. చెన్ శైలిలోనైతే నెమ్మదైన కదలికల నడుమ మెరుపులాంటి దెబ్బలు, పాదంతో నేలను బలంగా తాటించడం నేటికీ కనిపిస్తాయి. ఇవి కాక ఊ అన్న పేరుతోనే రెండు వేర్వేరు శైలులు, సున్ లూటాంగ్ (1860–1933) రూపొందించిన సున్ శైలి ప్రసిద్ధమైనవి. యునెస్కో సంస్థ 2020 డిసెంబరులో ఈ విద్యను మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

శైలుల ప్రస్తావన ఇక్కడ కేవలం చరిత్ర కోసం తెచ్చింది కాదు. వీడియోల్లో వెతికేవారికి ఒకే పేరుగల కదలిక చెన్ శైలిలో ఒకలాగా, యాంగ్ శైలిలో మరొకలాగా కనిపిస్తుంది. ఈ తేడా తెలియని అభ్యాసకులు ఒక శైలిలోని అడుగును మరో శైలిలోని చేతికి అతికించి, రెండింటిలో దేనికీ చెందని కదలికను తయారుచేసుకుంటారు. అందుచేత మొదటి నిర్ణయం శైలికి సంబంధించినదై ఉండాలి. ఇంటివద్ద నేర్చుకునేవారిలో ఎక్కువమంది చివరికి చేరుకునేది 24 కదలికల సరళ తాయ్ చి వద్దకే. చైనా ప్రభుత్వ క్రీడా సంఘం 1956లో నిపుణులను సమావేశపరచి, యాంగ్ శైలిలోని సుదీర్ఘ క్రమం నుంచి ముఖ్యమైన కదలికలను ఏరి, పునరుక్తులను తగ్గించి, సులువైనవి ముందు, కష్టమైనవి తరువాత వచ్చేలా దీన్ని కూర్చింది. పాత క్రమం పూర్తికావడానికి 20 నిమిషాలకు పైగా పడుతుండగా ఇది 5 లేక 6 నిమిషాల్లో ముగుస్తుంది. లక్షలాది సామాన్యులకు ఏకరూపంగా నేర్పాలన్న ఉద్దేశంతోనే పుట్టింది కాబట్టి, వ్యక్తిగత గురువు లేని అభ్యాసకుడికి ఇది తక్కినవాటికన్నా ఎక్కువగా సహకరిస్తుంది. ఏ వీడియోలో చూసినా క్రమం మారదు, ఒక వీడియోలో అర్థంకానిది మరొక వీడియోలో పోల్చి చూసుకునే వీలుంటుంది.

దూరం నుంచి చూసి నేర్చుకోవాలన్న ఆరాటం తెరలతో మొదలైనది కాదు. యాంగ్ లూచాన్ గురించి ప్రచారంలో ఉన్న కథ ఒకటి, అతడు చెన్ ఇంట పనివాడుగా చేరి, రాత్రివేళ గోడ చాటు నుంచి సాధనను పొంచి చూసి తనకు తానే అభ్యసించాడని చెబుతుంది. చరిత్రకారులు దీన్ని వాస్తవంగా తీసుకోరు. అయినా ఆ కథ చెప్పిన తీరును గమనించాలి: పట్టుబడిన యువకుణ్ణి గురువు తన శిష్యులతో తలపడమంటాడు, అతని నేర్పు చూసి మెచ్చుకుంటాడు, ఆ తరువాత శిష్యుడిగా స్వీకరించి విద్య నేర్పుతాడు. చాటుగా చూసినంత మాత్రాన అతని చదువు పూర్తయిందని కథ కట్టినవారు కూడా అనలేదు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఛాయాచిత్రాలతో కూడిన పుస్తకాలు వెలువడ్డాయి. సున్ లూటాంగ్ గ్రంథం 1921లోను, యాంగ్ చెంగ్‌ఫూ శిష్యుడైన చెన్ వెయ్‌మింగ్ గ్రంథం 1925లోను వచ్చాయి. ఛాయాచిత్రం భంగిమ పూర్తయిన క్షణాన్ని మాత్రమే పట్టి ఇవ్వగలదు. రెండు భంగిమల మధ్య బరువు ఎటునుంచి ఎటు నడిచిందో పాఠకుడు అక్షరాల నుంచి ఊహించుకోవలసి ఉండేది. వీడియో వచ్చి ఆ మధ్యభాగాన్ని చూపడం నిస్సందేహంగా పెద్ద ముందడుగు. అయితే పుస్తకం చదివేవాడికి తనకు మధ్యభాగం తెలియదన్న స్పృహ అనివార్యంగా ఉండేది, వీడియో చూసేవాడికి అన్నీ చూశానన్న తృప్తి కలుగుతుంది. ఆ తృప్తిని కొంచెం అనుమానించడం మంచిది.

యాంగ్ చెంగ్‌ఫూ చెప్పగా చెన్ వెయ్‌మింగ్ అక్షరబద్ధం చేసిన పది ముఖ్యాంశాలు తాయ్ చి బోధనకు నేటికీ ప్రమాణంగా ఉన్నాయి. తల నిటారుగా, తేలికగా నిలపడం, ఛాతీని ఉబ్బించకుండా ఉంచడం, భుజాలను, మోచేతులను కిందికి జారనివ్వడం వంటివి అందులో కొన్ని. వీటిని శ్రద్ధగా చూసేవారు తెర మీద గుర్తించగలరు, అద్దంలో సరిచూసుకోగలరు. కదలిక ఎక్కడా తెగకుండా సాగాలన్నది కూడా కంటికి అందేదే. నడుము బిగువు వదలాలి, రిక్తాన్ని పూర్ణాన్ని విడదీయాలి, కండబలాన్ని కాక సంకల్పాన్ని వినియోగించాలి అన్న అంశాల సంగతి వేరు. రిక్తం అంటే బరువు లేని కాలు, పూర్ణం అంటే బరువు మోస్తున్న కాలు. తాయ్ చి సాధకుడి దేహంలో ప్రతి క్షణం ఒక కాలు నిండుతూ మరొక కాలు ఖాళీ అవుతూ ఉండాలి. బలం పాదం నుంచి బయలుదేరి, నడుము దారి చూపగా చేతికి చేరాలన్న మూలసూత్రం దీనిమీదే ఆధారపడి ఉంది. ఏ కాలిలో ఎంత బరువుందో ఏ కెమెరా చూపలేదు. దానికి తోడు ప్రదర్శనల్లో ధరించే వదులైన పట్టు పైజామాలు మోకాళ్లను, తుంటిని పూర్తిగా కప్పివేస్తాయి. చూడ్డానికి ముచ్చటగా ఉండే ఆ దుస్తులు నేర్చుకునేవారికి మాత్రం తెరచాటే.

ఈ విషయం స్పష్టపడడానికి 24 కదలికల్లో రెండవదైన అడవి గుర్రపు జూలును పాయలు తీయడం అన్న కదలికను వివరంగా పరిశీలించవచ్చు. దీన్ని ఎడమవైపు, కుడివైపు, తిరిగి ఎడమవైపు వరుసగా మూడుసార్లు చేస్తారు. వీడియోలో కనిపించేది ఇదీ: రెండు చేతులు ఒక బంతిని పైనుంచి, కిందనుంచి పట్టుకున్నట్టు గుండె ముందు నిలుస్తాయి, ఆ తరువాత అడుగు ముందుకు పడుతుండగా కింది చేయి ఏటవాలుగా పైకి లేస్తుంది, పై చేయి తుంటి పక్కకు దిగుతుంది. పాదాల దగ్గర జరిగేది ఇంతకన్నా జటిలమైనది. ఎడమ పాదం ముందున్న భంగిమ నుంచి కుడి పాదం ముందుకు రావలసినప్పుడు, మొదట బరువు వెనుకనున్న కుడి కాలి మీదికి కూర్చుంటుంది. ఖాళీ అయిన ఎడమ పాదం మునివేళ్లు కొద్దిగా లేస్తాయి. నడుము ఎడమకు తిరుగుతూ ఉండగా ఆ పాదం మడమ ఆధారంగా దాదాపు 45 డిగ్రీలు బయటికి మళ్లుతుంది. అరికాలు నేలకు ఆనిన తరువాతే బరువు తిరిగి దాని మీదికి వస్తుంది. అప్పుడు కుడి పాదం లేచి ఎడమ పాదం పక్కకు చేరి, అక్కణ్నుంచి ముందుకు, కాస్త కుడిగా సాగి, మడమను మాత్రం శబ్దం లేకుండా నేలకు తాకిస్తుంది. ఇంకా దాని మీద బరువు లేదు. అరికాలు మెల్లగా పరుచుకుంటూ ఉండగా బరువు ముందుకు నడిచి, ముందు మోకాలు వంగి, వెనుక కాలు చాచుకుని, విల్లు భంగిమ అనే నిలకడ ఏర్పడుతుంది.

చేతుల్ని చూసి నేర్చుకున్నవారు ఇందులో తొలి సగాన్ని సాధారణంగా వదిలివేస్తారు. బరువును వెనక్కి తీసుకోకుండా, పాదాన్ని మళ్లించకుండా, ముందు కాలి మీద నిండా బరువు ఉంచుకుని నడుమును తిప్పి రెండో అడుగు వేస్తారు. పాదం నేలకు బిగిసి ఉండగా పైన తుంటి తిరిగితే ఆ మెలిక మోకాలి మీద పడుతుంది. మోకాలు ప్రధానంగా వంగడానికి, చాచుకోవడానికి ఏర్పడిన కీలు. తుంటికి ఉన్నంత తిరుగుడు దానికి లేదు. ఒకసారి చేస్తే ఏమీ కాకపోవచ్చు గాని, ప్రతిదినం పలుమార్లు ఇదే పొరపాటు జరిగితే మోకాలి లోపలివైపు నొప్పి మొదలవుతుంది. మెత్తని వ్యాయామంగా పేరున్న తాయ్ చి వల్ల మోకాళ్లు నొప్పెట్టడం చాలామందికి వింతగా తోస్తుంది, తప్పును వయసు మీదికో వాతం మీదికో నెట్టివేయడం కూడా జరుగుతుంది. విల్లు భంగిమలో వంగిన మోకాలు కాలివేళ్ల కొసను దాటకుండా, పాదం చూస్తున్న దిశలోనే ఉండాలి. రెండు పాదాలు ఒకే గీత మీద కాక, పక్కపక్కన ఉన్న రెండు గీతల మీద, భుజాల వెడల్పుకు దగ్గరగా ఎడం పాటించాలి. ఒకే గీత మీద నిలబడినవారు తూలకుండా ఉండడానికి నడుమును బిగిస్తారు, ఆ బిగువుతో కదలిక అంతా కొయ్యబారిపోతుంది.

కెమెరా చూపలేని బరువును తెలుసుకోవడానికి అభ్యాసకుడికి తన అరికాళ్లే దిక్కు. దీనికి సరళమైన పరీక్ష ఒకటి ఉంది. అడుగు వేసి, మడమ నేలను తాకిన క్షణంలో ఆగిపోవాలి. ఒంటిని వెనక్కి ఊపకుండా, తలను కదల్చకుండా ఆ పాదాన్ని మళ్లీ ఎత్తి యథాస్థానానికి తీసుకోగలిగితే కాలు నిజంగా రిక్తంగా ఉన్నట్టు లెక్క. ఎత్తలేకపోతే అది అడుగు కాదు, పడిపోవడాన్ని పాదంతో ఆపుకోవడమే. సాధారణ నడకలో అందరూ ఒకవిధంగా ముందుకు పడుతూ ఆపుకుంటూ పోతారు. తాయ్ చి నడక ఆ అలవాటును విడిపిస్తుంది, వృద్ధులకు దాని ప్రయోజనం ప్రధానంగా ఇక్కడే ఉంది. చేతుల్ని వెనుక కట్టుకునో తుంటి మీద ఉంచుకునో ఈ నడకను మాత్రమే కొన్ని వారాలు అభ్యసించాలని మంచి శిక్షకులు చెబుతారు. వీడియో చూసేవారు ఈ పాఠాన్ని దాటవేసి మేఘాల్లా చేతులు కదిలించే ఘట్టానికి ఎగబాకడం మానవ సహజం, చేతుల్లో ఉన్న అందం అటువంటిది. ఆ మేఘాల కదలికలో కూడా చేతులు తమంతట తాము తిరగవు. పాదాలు సమాంతరంగా పక్కకు జరుగుతుండగా బరువు ఒక కాలి నుంచి మరో కాలికి మారుతుంది, నడుము తిరుగుతుంది, ఆ తిరుగుడుకు చేతులు వెంటవస్తాయి.

తెర వల్ల వచ్చే మరో చిక్కు దిక్కులకు సంబంధించినది. శిక్షకుడు ఎదురుగా నిలబడి కుడిచేయి ఎత్తితే అది చూసేవారికి ఎడమవైపు కనిపిస్తుంది. కొందరు శిక్షకులు దీన్ని సవరించడానికి అద్దంలోని ప్రతిబింబంలా తాము ఎడమచేయి ఎత్తుతూ నోటితో కుడి అంటారు, మరికొందరు అలా చేయరు. ఏ వీడియోలో ఏ పద్ధతి ఉందో మొదటే తేల్చుకోకపోతే నెలల సాధన తారుమారుగా స్థిరపడుతుంది. శిక్షకుణ్ణి వెనుకనుంచి చూపే వీడియోలో ఈ గొడవ లేదు. అయినా 24 కదలికల క్రమం తెర వైపు ముఖం పెట్టి మొదలైనా వెంటనే ఎడమకు నడక సాగిస్తుంది, గుర్రపు జూలు నుంచి పీపా వాయిద్యాన్ని మీటడం అన్న కదలిక వరకు తెర కుడి భుజం పక్కన ఉండిపోతుంది, మధ్యలో దిశ మారాక ఎడమ భుజం పక్కకు వస్తుంది. చూపు కదలిక సాగే దిశలో ఉండాలన్నది నియమం; తెరను చూడడానికి మెడ తిప్పినప్పుడల్లా ఆ నియమం చెడుతుంది, మెడతోపాటు భుజం, భుజంతోపాటు నడుము పక్కకు లాగబడతాయి. కాబట్టి చూస్తూ చేయడం ఒక దశవరకే పనికివస్తుంది. ముందు కూర్చుని ఒక కదలికను పలుమార్లు చూడడం, తరువాత వీడియోను ఆపి జ్ఞాపకం మీద చేయడం, సందేహం వచ్చిన చోట మళ్లీ చూడడం అన్న క్రమం మేలు. వారానికి ఒకటి రెండు కదలికల చొప్పున పోయినా 24 కదలికలు పూర్తికావడానికి కొన్ని నెలలకు మించి పట్టదు.

సిడ్నీ నగరంలో కుటుంబవైద్యుడైన పాల్ లామ్ 1997లో కీళ్లవాతం ఉన్నవారి కోసం ఒక తాయ్ చి పాఠ్యక్రమాన్ని వైద్యులు, తాయ్ చి నిపుణుల సహకారంతో రూపొందించాడు. దానికి ఆధారంగా సున్ శైలిని ఎంచుకోవడంలో ఔచిత్యం ఉంది, ఆ శైలిలో మోకాళ్లు తక్కువగా వంగుతాయి, ఒక పాదం ముందుకు వేస్తే రెండో పాదం దాని వెంట జరిగి వస్తుంది. వీడియో పాఠాలుగా కూడా విస్తృతంగా ప్రచారమైన ఆ పద్ధతిలో బోధనకు మూడు మెట్లున్నాయి: శిక్షకుడు చేస్తుండగా విద్యార్థి చూడడం, ఇద్దరూ కలిసి చేయడం, విద్యార్థి చేస్తుండగా శిక్షకుడు చూడడం. రికార్డు చేసిన వీడియో మొదటి రెండు మెట్లను గురువుకన్నా ఓపికగా నిర్వహిస్తుంది, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు. మూడో మెట్టు దానికి చేతకాదు. ఇంటిసాధన గురించి చెప్పుకోదగిన ఉపాయాలన్నీ ఈ మూడో మెట్టుకు ఏదో ఒక ప్రత్యామ్నాయం కల్పించే ప్రయత్నాలే.

వాటిలో అందరికీ అందుబాటులో ఉన్నది సెల్‌ఫోన్. తన సాధనను తానే చిత్రీకరించుకునేవారు సాధారణంగా ఫోన్‌ను ముఖం ఎత్తున అమర్చి నిలువెత్తు దేహాన్ని పట్టాలని చూస్తారు, మళ్లీ చేతులే ప్రధానమవుతాయి. ఫోన్‌ను నేలకు దగ్గరగా, మోకాలి ఎత్తుకు మించకుండా పెట్టి, నడుము కిందిభాగాన్ని మాత్రం పక్కనుంచి తీసుకుంటే మోకాలు వేళ్ల కొసను దాటడం, మడమకు ముందు మునివేళ్లు నేలను తాకడం, వెనుక పాదం అంచు లేచిపోవడం స్పష్టంగా బయటపడతాయి. వీడియో వేగాన్ని సగానికి తగ్గించి చూసే సౌకర్యం ఒక్క అడుగును విడదీసి అర్థం చేసుకోవడానికి ఉపయోగపడుతుంది. అసలే నెమ్మదైన క్రమాన్ని మొత్తంగా ఆ వేగంతో అనుసరించబోతే శ్వాస బిగబట్టడం అలవాటవుతుంది. శ్వాసను కదలికతో ముడిపెట్టే సూచనలు కొన్ని వీడియోల్లో మొదటి పాఠంలోనే వస్తాయి గాని, క్రమం వంటబట్టేవరకు ఊపిరిని దాని మానాన వదలడమే క్షేమం. ప్రత్యక్ష ప్రసారంగా జరిగే ఆన్‌లైన్ తరగతులు మూడో మెట్టును కొంతవరకు తిరిగి ఇస్తాయి. అందులోనూ విద్యార్థి తన కెమెరాను పాదాలు కనిపించేలా తిప్పితేనే శిక్షకుడు సరిదిద్దగలడు.

వీడియోను ఎంచుకోవడంలో ఆకర్షణకన్నా ఉపయోగాన్ని చూడాలి. సూర్యోదయవేళ సముద్రతీరంలో వేణునాదం నేపథ్యంగా చిత్రించిన ప్రదర్శనలు మనసుకు హాయినిస్తాయి, వాటిలో పాదాలు మాత్రం ఇసుకలో కూరుకుపోయి ఉంటాయి. పోటీల్లో పాల్గొనే యువ క్రీడాకారులు పాము నేలకు జారే కదలికలో తొడ నేలను తాకేంతగా కూర్చుంటారు. అది నైపుణ్యానికి కొలమానం కావచ్చు గాని 60 ఏళ్లు దాటినవారికి అనుకరణీయం కాదు, వారు మోకాలు ఒప్పుకున్నంత మేర కొద్దిగా వంగితే ఆ కదలిక ప్రయోజనం నెరవేరుతుంది. ప్రదర్శన వేరు, పాఠం వేరు. పాఠం చెప్పే వీడియోలో పాదాలు మొదటినుంచి చివరిదాకా తెరమీద ఉంటాయి, ఒకే కదలికను ముందునుంచి, వెనుకనుంచి చూపుతారు, బరువు ఇప్పుడు ఏ కాలి మీద ఉందో మాటతో చెబుతారు. ఈ చివరి లక్షణం ఒక్కటి ఉన్నా ఆ వీడియోను నమ్మవచ్చు. అలాంటిది ఒకటి దొరికాక క్రమం పూర్తయ్యేదాకా దానితోనే ఉండడం, రోజుకొక శిక్షకుణ్ణి మార్చకపోవడం అవసరం.

మాట ప్రస్తావన వచ్చింది కాబట్టి, వినికిడికి సంబంధించిన సూచన ఒకటి చేయవచ్చు. క్రమం ఒక మేరకు గుర్తున్న తరువాత తెరను గోడవైపు తిప్పివేసి, శిక్షకుడి గొంతును మాత్రం వింటూ సాధన చేయడం ఎంతో మేలైన పద్ధతి. బొమ్మ ఉన్నంతసేపు మనసు తనను ఆ బొమ్మతో పోల్చుకుంటూ ఉంటుంది. బొమ్మ తొలగిన మరుక్షణం ధ్యాస పాదాలకు దిగుతుంది. కదలికల పేర్లను తెలుగులో రాసుకుని, కుటుంబసభ్యుల్లో ఒకరు వాటిని తగిన వ్యవధితో చదువుతుండగా చేసినా ఇదే ఫలితం వస్తుంది.

ఇల్లు సాధనకు అనుకూలించే తీరు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 24 కదలికల క్రమానికి అటూఇటూ నడవడానికి మూడు నాలుగు మీటర్ల పొడవు కావాలి. అంత చోటు లేనివారు నిలబడ్డ చోటు నుంచి పెద్దగా కదలనక్కరలేని 8 కదలికల చిన్న క్రమాన్ని చేసుకోవచ్చు, మేడ మీదికి పోవచ్చు. నున్నని టైల్స్ మీద మేజోళ్లతో నిలబడడం ప్రమాదకరం. యోగాసనాల కోసం కొన్న మెత్తని చాప కూడా ఇక్కడ అక్కరకు రాదు, మడమ మీద పాదం తిరగవలసినప్పుడు అది పట్టి ఆపుతుంది, ఆ పట్టు మళ్లీ మోకాలికే చేటు. పలుచని చదునైన అడుగున్న బూట్లో, జారని నేల మీద వట్టి పాదాలో మంచివి. వానరాన్ని వెనక్కి తరమడం అన్న కదలికలో నాలుగు అడుగులు వెనక్కి పడతాయి కాబట్టి బల్లలు, కుర్చీలు ముందే జరపాలి. తూలుడు, కళ్లు తిరగడం, ఎముకల బలహీనత, ఇటీవలి శస్త్రచికిత్స వంటివి ఉన్నవారు వైద్యుణ్ణి అడిగి, చేతికందేలా గోడో బరువైన కుర్చీయో ఉన్న చోట మొదలుపెట్టాలి.

తాయ్ చి వల్ల కలిగే లాభాల గురించి వీడియోల్లో వినిపించే మాటలను కొంత వడగట్టి వినాలి. నిలకడకు సంబంధించిన ఆధారాలు తక్కినవాటికన్నా గట్టివి. అమెరికాలోని ఒరెగాన్ పరిశోధకులు 195 మంది పార్కిన్సన్ వ్యాధిగ్రస్తులపై జరిపిన అధ్యయనం 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో వెలువడింది. 24 వారాలపాటు వారానికి రెండుసార్లు గంటసేపు తాయ్ చి చేసినవారిలో నిలకడ మెరుగుపడిందని, కేవలం కండరాలు సాగదీసే వ్యాయామం చేసినవారికన్నా వీరు తక్కువసార్లు పడిపోయారని అందులో తేలింది. వృద్ధులు పడిపోవడాన్ని వ్యాయామంతో నివారించడంపై 2019లో కాక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్ష, తాయ్ చి ఈ పడిపోయే రేటును సుమారు 19 శాతం తగ్గించవచ్చని అంచనా కట్టింది, ఆధారాల నిశ్చితత్వం తక్కువేనని కూడా అదే సమీక్ష హెచ్చరించింది. ఒరెగాన్ అధ్యయనంలో పాల్గొన్నవారు శిక్షకుడి ఎదుట తరగతుల్లో నేర్చుకున్నవారన్నది మరువరాదు. ఆ ఫలితాలను తెర ముందు ఒంటరిగా, ఎవరూ సరిదిద్దకుండా సాధన చేసేవారికి యథాతథంగా వర్తింపజేయడం న్యాయం కాదు. పాదాలు సరిగా పడినప్పుడే ఆ లాభంలో వారికి వాటా దక్కుతుందని ఆశించవచ్చు. ఇక దీర్ఘవ్యాధులన్నీ నయమవుతాయన్న ప్రకటనలు వినిపిస్తే వీడియో మార్చుకోవడం మంచిది.

వీడియోకు ఎప్పటికీ అందని భాగం ఒకటి మిగిలే ఉంటుంది. త్వే షౌ అనే జంటసాధనలో ఇద్దరు ముంజేతులు తాకించి నిలబడి, నెమ్మదిగా నెట్టుకుంటూ, ఎదుటివారి బలం ఎటునుంచి వస్తున్నదో స్పర్శతో పసిగట్టి దాన్ని దారి మళ్లిస్తారు. ఒంటరిగా చేసే కదలికల్లోని తప్పులన్నీ ఇక్కడ క్షణంలో బయటపడతాయి, ఎదుటివారి అరచేతికి రిక్తమైన కాలు, పూర్ణమైన కాలు తేటతెల్లంగా తెలిసిపోతాయి. అందువల్ల వీడియోతో కొన్ని నెలలు సాధన చేసినవారికి ఏ నగరంలోనో ఒకటి రెండు రోజుల శిబిరానికి వెళ్లే అవకాశం కలిగితే, మొత్తం క్రమాన్ని ప్రదర్శించి మెప్పు పొందడానికి ప్రయత్నించకుండా, గుర్రపు జూలులో పాదం మళ్లించే ఆ ఒక్క ఘట్టాన్ని చూసి సరిచేయమని శిక్షకుణ్ణి కోరడం తెలివైన పని. శిబిరం అందుబాటులో లేకపోయినా ఇంట్లో మరొకరు ఉంటే చిన్న పరీక్షకు వీలుంది. ఒకరు విల్లు భంగిమలో నిలబడగా మరొకరు తన అరచేతిని అతని ముంజేతికి ఆనించి మెల్లగా, క్రమంగా ఒత్తిడి పెంచాలి. ఆ ఒత్తిడి వెనుక పాదం మడమదాకా దిగుతున్నట్టు అనిపిస్తే భంగిమ సరిగా కుదిరినట్టు. భుజం దగ్గరో నడుము దగ్గరో ఆగిపోతే మరుసటి రోజు వీడియోను ఏ భాగం దగ్గర ఆపి చూడాలో దాన్నిబట్టే తెలుస్తుంది.